కార్తీకం వెళ్లేదాకా కోడిగుడ్లు

మా పెద్దాపురం నుంచి అనపర్తి వైపు బయల్దేరితే దారి పొడుగునా కోళ్లఫారాలే. గుడ్లకు కొదవ లేని సీమ ఇది. అయినా దీపావళి మర్నాటి నుంచి పోలి పాడ్యమి దాకా మా వంటింట్లో గుడ్డు పగలదు. అట్టలో ముప్పై గుడ్లుంటే పండగనాటికి ఎలాగూ పది, పన్నెండు మిగులుతాయి. వాటిని పారేయడానికి నాకు మనసొప్పదు. అందుకే రెండు రోజుల ముందే గడ్డకట్టించి దాచేస్తాను.

ముందు గుడ్లను నీళ్లగిన్నెలో వేసి చూడండి. అడుగున పడుకుంటే తాజావి. తేలినదాన్ని పక్కన పెట్టేయండి. చవగ్గా దొరికాయని చిట్లిన గుడ్లు కొని దాచకండి. ఆ బీటలోంచి ఏ క్రిములు చేరాయో మనకు కనబడదు.

పెంకుతో మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకూడదు. లోపలి సొన గడ్డకడుతూ ఉబ్బి పెంకును పగలదీస్తుంది. ఒక్కో గుడ్డూ ముందు చిన్న గిన్నెలో కొట్టి, వాసన చూసి, ఆ తర్వాతే పెద్దగిన్నెలో కలపండి. ఫోర్కుతో మెల్లగా కలియబెట్టాలి. ఆమ్లెట్‌కి గిలక్కొట్టినట్టు నురగ తెప్పించొద్దు, తెలుపూ పసుపూ కలిస్తే చాలు.

తెల్లసొన విడిగా ఉంటే దానికేమీ కలపక్కర్లేదు. పేచీ అంతా పచ్చసొనతోనే. మొదటిసారి నేను దాన్ని ఊరికే డబ్బాలో పోసి పెట్టాను. వారం తర్వాత కరిగిస్తే కరగలేదు. చెంచాతో నొక్కితే మెత్తటి మైనంలా సాగింది, పాలల్లో వేసినా ఉండలు విడలేదు. పచ్చసొనలో కొవ్వూ మాంసకృత్తులూ కలిసిన సన్నటి రేణువులుంటాయి. నీరు మంచుగా విడిపోయేసరికి అవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఉప్పు గానీ పంచదార గానీ కలిపితే ఆ అతుకు తగ్గుతుంది. నాలుగు పచ్చసొనలకు పావు చెంచాలో సగం ఉప్పు, లేదా చెంచాన్నర పంచదార. మొత్తం గుడ్డు కలిపినప్పుడు కూడా నేను చిటికెడు ఉప్పు వేస్తాను.

ఇక ఐస్ ట్రే. మూడు పెద్ద చెంచాల సొన ఒక గుడ్డుకు సమానం. మీ ట్రే గడిలో ఎన్ని చెంచాలు పడతాయో ముందు నీళ్లతో కొలుచుకోండి. గట్టిపడ్డాక ముక్కల్ని మూత బిగిసే డబ్బాలోకి మార్చి, తేదీ రాసి, ఫ్రీజర్‌లో బాగా వెనక్కి పెట్టాలి. మైనస్ 18 డిగ్రీల్లో ఏడాది దాకా నిలుస్తాయి. కరెంటు పోయి కరిగిపోతే మళ్లీ గడ్డకట్టించొద్దు.

వాడే ముందురోజు రాత్రి కావలసినన్ని ముక్కలు కింద ఫ్రిజ్‌లోకి దించండి, గట్టు మీద వదిలేయకండి. కరిగినవి ఆ రోజే, బాగా ఉడికేలా వండాలి. పొరటు, అట్టు, కేకు అన్నీ చక్కగా వస్తాయి. పులుసుకు మాత్రం కొత్త గుడ్లే తెచ్చుకోవాలి. పోనీ ఉడికించి దాద్దామన్నా, తెల్లసొన రబ్బరులా బిగుసుకుపోతుంది.

డబ్బా మూత మీద ఉప్పా, పంచదారా అన్నది కూడా రాయండి. పోలి పాడ్యమి మర్నాడు ఇంట్లో అందరూ ఎదురుచూసే మొదటి పొరటు తియ్యగా రాకూడదు కదా.