ముందు హక్కు, తరువాతే ధర

ఉద్యోగ విరమణ దగ్గర పడుతున్న ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న వస్తుంది: "చేతికొచ్చే డబ్బుతో ఒక ఫ్లాటో, స్థలమో కొని పడేస్తే మంచిది కదా?" జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్‌లో పనిచేసిన ఏళ్లలో ఈ ప్రశ్న నన్ను అడిగినవారు మన సహోద్యోగులు మాత్రమే కాదు. తాతల కాలంలో ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలవారూ అడిగేవారు. కంపెనీ క్వార్టరులో పిల్లల్ని పెంచి పెద్దచేసినవారికి విరమణ అంటే ఉద్యోగంతోపాటు ఇల్లు కూడా వదలడమే. బదిలీల మీద బదిలీలు తిరిగే మన పరిస్థితీ దానికి దగ్గరగానే ఉంటుంది.

ముప్ఫై ఏళ్లలో నేను రెండు ఫ్లాట్లు, ఒక స్థలం కొన్నాను; అందులో ఒకటి అమ్మాను. రుణాల విభాగంలో ఉండగా ఇతరుల దస్తావేజులు వందల సంఖ్యలో చదివాను. వీటి నుంచి నేర్చుకున్నది ఒక్కటే. ధర అడగకముందే "వీరు నాకు ఏ హక్కు అమ్ముతున్నారు?" అని అడగాలి. మన కంటికి కనిపించేది గోడలు, నేల. డబ్బు ఇచ్చి తెచ్చుకునేది మాత్రం హక్కు. ఈ తేడా తెలియాలంటే జంషెడ్‌పూర్‌ను చూడాలి.

ఒకే ఊరు, మూడు రకాల నేల

బిష్టుపూర్, సాక్చి, కద్మా, సోనారి వంటి ప్రాంతాల్లో నేల చాలావరకు ప్రభుత్వం నుంచి టాటా స్టీల్ లీజుకు తీసుకున్నది. 1950 నాటి బిహార్ భూసంస్కరణల చట్టం తరువాత జమీందారీ హక్కులు ప్రభుత్వానికి చేరాయి. కంపెనీకి 1956 జనవరి 1 నుంచి 40 ఏళ్లకు లీజు ఇచ్చారు. 2005లో దాన్ని పునరుద్ధరించి, 1996 జనవరి 1 నుంచి 30 ఏళ్లు, అంటే 2025 డిసెంబరు 31 వరకు గడువు పెట్టారు. కాబట్టి ఈ నేల మీద ఇల్లో దుకాణమో కొనేవారు అమ్మకందారు పత్రం ఒక్కటే చూస్తే చాలదు. పై లీజు ఏ తేదీ వరకు, ఏ షరతులతో ఉంది? అమ్మే వ్యక్తి సబ్‌లీజు ఇంకెన్నాళ్లు మిగిలింది? దాన్ని మరొకరికి బదలాయించడానికి ఎవరి అనుమతి కావాలి? ఇవన్నీ కాగితం మీద చూడాలి. తనకు లేని హక్కును ఎవరూ మరొకరికి ఇవ్వలేరు. పై లీజుకు ఉన్న గడువును మించి కింది సబ్‌లీజుకు ఆయుష్షు ఉండదు.

రెండో రకం, 2005 పునరుద్ధరణలో లీజు పరిధి నుంచి మినహాయించిన 86 బస్తీలు. అక్కడ పక్కా ఇళ్లున్నాయి, కరెంటుంది, తరాలుగా కాపురాలున్నాయి. అయినా "మాలికానా హక్కు" కోసం అక్కడివారు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. స్టాంపు కాగితం మీద నోటరీ సంతకంతో అలాంటి ఇల్లు కొన్నవారికి దక్కేది స్వాధీనమే. యాజమాన్యం దక్కదు.

మూడోది, ఊరి అంచుల్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఉన్న రైతు భూమి. సువర్ణరేఖ అవతల మాన్గో వైపు, ఖర్కాయి అవతల ఆదిత్యపూర్ వైపు ఊరు పెరుగుతున్న కొద్దీ ప్లాట్ల ప్రకటనలూ పెరిగాయి. ఇక్కడ 1908 నాటి ఛోటానాగ్‌పూర్ టెనెన్సీ చట్టం, అంటే అందరూ సీఎన్‌టీ అనేది, వర్తిస్తుంది. దాని 46వ సెక్షను ప్రకారం గిరిజన రైతు భూమిని అదే పోలీసు స్టేషను పరిధిలో నివసించే మరో గిరిజనుడికే, అదీ డిప్యూటీ కమిషనరు అనుమతితోనే అమ్మవచ్చు. షెడ్యూల్డ్ కులాలు, వెనుకబడిన తరగతుల రైతుల భూమికీ ఇలాంటి పరిమితులున్నాయి. చట్టం తప్పి చేతులు మారిన గిరిజన భూమిని ఎన్నో ఏళ్ల తరువాత కూడా తిరిగి ఇప్పించే వీలుంది. మన ఏజెన్సీ ప్రాంతాల 1/70 చట్టం తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. "అందరూ కొంటున్నారు" అనే మాట పాడేరులోనూ పనికిరాదు, జంషెడ్‌పూర్‌లోనూ పనికిరాదు.

చవక బేరం వెనుక

కర్మాగారంలో విరమణ చేసిన ఒక పెద్దాయన ఒకసారి కాగితాల కట్టతో నా దగ్గరకు వచ్చారు. మంచి చోట ఫ్లాటు, చుట్టుపక్కల ధరకంటే నాలుగో వంతు తక్కువ. ప్రావిడెంటు ఫండు సొమ్ము మొత్తం అందులో పెట్టాలనుకున్నారు. విప్పి చూస్తే అమ్మే వ్యక్తి చేతిలో ఉన్నది జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఒక్కటే. సబ్‌లీజు ఆయన పేరుకు మారనే లేదు. జీపీఏ అమ్మకం వల్ల యాజమాన్యం సంక్రమించదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో సూరజ్ లాంప్ కేసులో స్పష్టంగా చెప్పింది. "తక్కువ ధరకు ఇస్తున్నది ఫ్లాటును కాదండీ, లోపమున్న హక్కును" అన్నాను. ఆయన ఆగిపోయారు. ఏడాది అద్దె ఇంట్లో ఉండి, తరువాత అన్ని పత్రాలూ ఉన్న చిన్న ఫ్లాటు తీసుకున్నారు. విరమణ సొమ్ముకు రెండో అవకాశం ఉండదు. పోతే మళ్లీ సంపాదించే వయసూ ఉండదు.

పత్రాలు చూసే వరుస

మొదట యాజమాన్యపు మూలం. ఝార్ఖండ్‌లో ఖతియాన్, రిజిస్టర్-2, మ్యుటేషను చూడాలి. మన ఆంధ్రలో వ్యవసాయ భూమికి అడంగల్, 1బీ చూస్తాం. తరువాత ముప్ఫై ఏళ్లకు తగ్గకుండా లింకు దస్తావేజులు. ఆపైన ఈసీ. ఈసీలో కనిపించేది రిజిస్టరైన లావాదేవీలే. పత్రాలు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు అందులో కనిపించకపోవచ్చు. అందుకే సెర్సాయి రిజిస్ట్రీలో కూడా వెతకాలి. కొద్దిపాటి రుసుముతో ఎవరైనా వెతకవచ్చు. ఆంధ్రలో స్థలమైతే 22ఏ నిషేధిత జాబితానూ చూసుకోవాలి.

కొత్త అపార్ట్‌మెంటు అయితే రెరా నంబరు అడగండి. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గాని, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గాని కట్టే ప్రాజెక్టుకు నమోదు తప్పనిసరి. రిజిస్టర్డ్ ఒప్పందం లేకుండా బిల్డరు పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ధరను సూపర్ బిల్టప్ మీద కాకుండా కార్పెట్ ఏరియా మీద లెక్కగట్టి పోల్చండి.

అద్దె లెక్క, పెరుగుదల లెక్క

హక్కు తేలాకే లెక్క. ఉదాహరణకు 60 లక్షల ఫ్లాటు, నెలకు 15,000 అద్దె అనుకుందాం. ఏడాదికి 1,80,000. ఒక నెల ఖాళీకి 15,000, నిర్వహణకు 24,000, పన్నులకూ మరమ్మతులకూ 15,000 తీసేస్తే మిగిలేది 1,26,000. పెట్టుబడి మీద అది 2.1 శాతం. స్టాంపు సుంకం, రిజిస్ట్రేషను ఖర్చు కలిపితే ఇంకా తగ్గుతుంది.

అప్పు చేసి కొంటే? 30 లక్షలకు మించి 75 లక్షల వరకు ఉండే గృహరుణాల్లో ఆస్తి విలువలో 80 శాతం వరకే ఇవ్వవచ్చు. అంటే 48 లక్షల రుణం. 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు ఈఎంఐ సుమారు 41,650. అద్దె పోగా నెలకు 26,000కు పైగా జీతంలోంచి కట్టాలి. ఆ భారం విరమణ తరువాత ఎన్నేళ్లు ఉంటుందో లెక్క వేసుకోండి. లీజు ఆస్తి అయితే మిగిలిన లీజు కాలం రుణ కాలంకంటే ఎక్కువ ఉందా అని బ్యాంకు కూడా చూస్తుంది. రుణం తీసుకోకుండా సొంత డబ్బుతో కొంటున్నా ఆ ప్రశ్న మీరే వేసుకోవాలి.

"పదేళ్లలో రెట్టింపయింది" అనే మాట గొప్పగా వినిపిస్తుంది. 72ను పదితో భాగిస్తే 7.2, అంటే ఏడాదికి 7.2 శాతం పెరుగుదల. అమ్మేటప్పుడు పన్నూ ఉంది. 24 నెలలకు మించి ఉంచుకున్న ఆస్తి లాభం మీద 2024 జూలై 23 నుంచి 12.5 శాతం, ఇండెక్సేషను లేకుండా. అంతకుముందు కొన్న స్థలం లేదా భవనమైతే, దేశంలో నివసించే వ్యక్తులు ఇండెక్సేషనుతో 20 శాతం పద్ధతిలో లెక్క చూసుకుని ఏది తక్కువైతే అది కట్టవచ్చు. 50 లక్షలు, ఆపైన విలువైన ఆస్తి కొనేవారు ఒక శాతం టీడీఎస్ మినహాయించి జమ చేయాలి.

ఇంట్లో అందరికీ తెలియాలి

మన ఉద్యోగులు స్థిరాస్తి కొన్నా అమ్మినా బ్యాంకు నియమాల ప్రకారం తెలియజేయాలి, వార్షిక ఆస్తుల పత్రంలో చూపాలి. దీనితోపాటు ఇంటి ఇల్లాలికీ, పిల్లలకూ ఒరిజినల్ దస్తావేజులు ఎక్కడున్నాయో తెలిసి ఉండాలి. రుణం తీరాక వాటిని తప్పకుండా తెచ్చుకోండి. 2023 డిసెంబరు 1 నుంచి, రుణం పూర్తిగా తీరిన 30 రోజుల్లో పత్రాలు తిరిగి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. తమ వల్ల ఆలస్యమైతే రుణసంస్థ రోజుకు 5,000 చొప్పున పరిహారం చెల్లించాలి.

దూరంగా ఉన్నవారు సొంతూరి స్థలాన్ని ఏడాదికొకసారైనా చూసి, పన్ను కట్టి, రశీదు దాచాలి. పరుల స్వాధీనంలో పన్నెండేళ్లు పట్టించుకోకుండా వదిలేసిన ఆస్తిని తిరిగి రాబట్టుకోవడం చాలా కష్టం.

ఈ ఆదివారం ఇంట్లో ఒక చిన్న పని చేయండి. ఇప్పటికే ఉన్న ఆస్తి పత్రాలు బయటకు తీసి ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి: హక్కు ఏమిటి, ఎవరి పేరున, గడువు ఎంతవరకు, అప్పు ఉందా. నాలుగూ నిండితే కొత్త ఆస్తి గురించి ఆలోచించవచ్చు. ఒక్క గడి ఖాళీగా మిగిలినా, ముందు దాని సంగతి తేల్చుకోండి.