ఓట్లు పెరిగి ఓడిన పార్టీ

ఆత్మకూరు



చదువైపోగానే కమ్యూనిస్టు పార్టీలో పూర్తికాలం పనిచేస్తానంటున్నావని, ఉదయగిరి ఇంట్లో పుచ్చలపల్లి సుందరయ్య గారి పటం తగిలించావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నీకు నచ్చజెప్పి మాన్పించమంది. నేను మాన్పించను. కానీ పటం పెట్టుకున్నవాడివి, ఆయన ఎలా పైకొచ్చారో ఎంత తెలుసుకున్నావో, ఎక్కడ దెబ్బ తిన్నారో కూడా అంత తెలుసుకోవాలి.

ఆయన మన జిల్లా మనిషే. 1913లో కోవూరు వైపు అలగానిపాడులో పుట్టారు. పేరు చివర రెడ్డి తీసేశారు, ఊళ్లో కూలీలను కూడగట్టారు, వాటాకొచ్చిన ఆస్తి పార్టీకిచ్చారు. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లిన కథ నీకెటూ తెలుసు, అది అందరూ చెప్పేదే. 1955 ఎన్నికల సంగతి మాత్రం మనవాళ్లు దాటేస్తారు.

1952లో ఆంధ్ర ప్రాంతంలోని 140 స్థానాల్లో 41 గెలిచిన పార్టీ, ఈసారి రాజ్యం మాదేననుకుంది. కాంగ్రెస్ ఊరుకుంటుందా? కృషికార్ లోక్ పార్టీని, ప్రజా పార్టీని కలుపుకుంది. పత్రికలూ కమ్యూనిస్టుల మీద విరుచుకుపడ్డాయి. తీరా చూస్తే 196లో పదిహేనే దక్కాయి. అయితే ఓట్లు తగ్గలేదబ్బయ్యా! నూటికి 31 పడ్డాయి, మునుపటికన్నా ఎక్కువే. చీలి ఉన్న అవతలివాళ్లు ఒక్కటైతే ఏమవుతుందో వీళ్లు లెక్క వేసుకోలేదు. అదీ నా అభిప్రాయం. గన్నవరంలో నెగ్గిన సుందరయ్య గారు ప్రతిపక్షంలో కూర్చున్నారు. మా ఆత్మకూరులో నెగ్గిన బెజవాడ గోపాలరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు.

1964లో పార్టీ చీలింది. అలా ఏర్పడిన సీపీఎంలో ప్రధాన కార్యదర్శి పదవి సుందరయ్య గారికొచ్చింది. ఎమర్జెన్సీ రోజుల్లో జనసంఘంతో కలిసి నడవడం కుదరదని, 1975లో ఆ పదవికే రాజీనామా రాశారు. ఆ పట్టుదల సరైనదా కాదా అని పార్టీలో ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. కుర్చీ వదిలారు గానీ పని వదల్లేదు, నాకు నచ్చింది అదే. 1978లో మళ్లీ గన్నవరం నుంచి శాసనసభకు వెళ్లారు. ఆ ఏడాదే మీ ఉదయగిరిలో జనతా తరఫున వెంకయ్యనాయుడు గారు గెలిచారు.

సుందరయ్య గారు మన జిల్లావారే అయినా, మన మెట్టలో ఎర్రజెండా గట్టిగా నిలవలేదు. డెల్టాలో ఒక్క పిలుపుకు కూలీలంతా గట్టు మీదికి చేరతారు. ఇక్కడ మనిషికి రెండెకరాలు, ఒక బావి. వాడి గొడవ ఆసామితో కంటే కరువుతోనే. డెల్టా నినాదం తెచ్చి ఉదయగిరి బస్టాండులో అరిస్తే ఎవరూ ఆగి వినరు.

అందుకని, పూర్తికాలం చేరే ముందు ఒక ఏడాది మీ చుట్టుపక్కల ఊళ్లు తిరుగు. ఎక్కడ బోర్లు ఎండాయో, ఎవరెవరు పనికి వలస పోయారో రాసుకో. ఆ కాగితాలు తీసుకుని నా దగ్గరికి రా, మీ అమ్మతో నేను మాట్లాడతాను.

మీ మామయ్య