తిన్నది కక్కుకొనే జబ్బు: బులీమియా



కొందరు పిల్లలు, ముఖ్యంగా వయసొచ్చిన ఆడపిల్లలు, చాటుగా ఆపుకోలేనంత తింటారు. లావైపోతామన్న భయంతో గొంతులో వేలు పెట్టుకొని కక్కేస్తారు. లేదా విరేచనాల మాత్రలు మింగుతారు, పస్తులుంటారు. వారానికి ఒకసారైనా మూడు నెలలపాటు ఇలా జరిగితే అది బులీమియా. 1979లో లండన్ డాక్టరు జెరాల్డ్ రస్సెల్ ఈ జబ్బును వివరించారు. తనకిది ఉండేదని 1995లో యువరాణి డయానా టీవీలో చెప్పారు.

గుర్తులు: బరువు మామూలుగానే ఉండవచ్చు, అందుకే ఇంట్లో కనిపెట్టలేరు. తినగానే బాత్రూముకు పోవడం, దవడల వాపు, వేళ్ల కణుపుల మీద కాయలు, పళ్లు అరగడం గమనించండి.

ప్రమాదం: వాంతులతో ఒంట్లో పొటాషియం తగ్గి గుండె లయ తప్పవచ్చు. గుండెదడ, స్పృహ తప్పడం, వాంతిలో రక్తం కనబడితే వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

చికిత్స: తిండి గురించిన ఆలోచనలను మార్చే కౌన్సెలింగు, వేళకు భోజనం ముఖ్యం. అవసరమైతే డాక్టరు ఫ్లూఆక్సెటిన్ మాత్ర రాస్తారు. సొంతంగా కొనకండి, ఆపకండి. వాంతయ్యాక నోరు పుక్కిలించండి, వెంటనే బ్రష్ చేయకండి. వేలూరు సి.ఎం.సి.లో మానసిక వైద్య విభాగముంది. టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులో ఉచితంగా మాట్లాడవచ్చు.

ఇంటివారికి: "ఇంత లావుంటే పెళ్లెట్లా అవుతుంది?" అనకండి. తిట్టకండి, దయ్యమనకండి. కలిసి కూర్చొని తినండి. ఈ జబ్బున్నవారు శ్రమకాలంలో ఉపవాసం ఉండకూడదు; పాస్టరుగారితో మాట్లాడితే ఆ దినాలను ప్రార్థనతో ఆచరించే మార్గం చూపుతారు. ఇది పాపం కాదు, నయమయ్యే జబ్బు. ప్రార్థన చేయండి, వైద్యమూ చేయించండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్