పాత పికప్ బండిని కొనవచ్చునా?



పామిడి ప్రాంతపు రైతునకు పంట పండించుట యొక కష్టము, దానిని బజారునకు చేర్చుట మఱియొక కష్టము. వేరుసెనగ యైనను, చీనీ యైనను, టమాటా యైనను చేనినుండి వెడలి అనంతపురముననో గుత్తిలోనో దిగవలసినదే. కోత దినములలో బండ్లు దొరకవు. దొరకినను కిరాయి పెరుగును. అట్టి సమయమున నాలుగైదేండ్లు నడచిన పికప్ బండి, మిక్కిలి బలమైనది, చవుకగా అమ్మకమునకు వచ్చినదని వినినచో మనసు దానిపైకి పోవుట సహజము. ఆ కొనుగోలు ఒక సంసారమును నిలుపనూవచ్చును, అప్పులపాలు చేయనూవచ్చును. కావున బయానా ఇచ్చుటకు ముందే నాలుగు సంగతులు విచారింపవలెను.

1. మొదట లెక్క

బండి ఖర్చు రెండు విధములు. బండి నడచినను నిలిచినను తగులునది యొకటి. నడచినపుడు మాత్రమే తగులునది రెండవది. మనవారు డీజిలు ఖర్చును మాత్రమే చూచి మొదటిదానిని మఱచుచుందురు.

ఒక ఉదాహరణము గైకొందము. బండి వెల రూ. 5,00,000 అనుకొందము. నూటికి 12 వంతున ఏటి వడ్డి రూ. 60,000. ఏటేట బండి వెల తఱుగుట వలన నష్టము రూ. 60,000. భీమా, పన్ను, ఫిట్‌నెస్ మొదలగు వానికి రూ. 40,000. వెరసి రూ. 1,60,000. బండి వాకిట నిలిచియున్నను ఈ ఖర్చు తప్పదు.

ఇక నడక ఖర్చు. చేనినుండి అనంతపురమునకు రానుపోను 70 కిలోమీటర్లనియు, లీటరుకు 10 కిలోమీటర్లు నడచుననియు, లీటరు రూ. 100 అనియు అనుకొన్నచో డీజిలుకు రూ. 700. టైర్లకు, మరమ్మతులకు రూ. 300. డ్రైవరునకు రూ. 500. వెరసి రూ. 1,500. అదే నడకకు కిరాయి రూ. 2,500 అయినచో సొంత బండి వలన మిగులునది వేయి రూపాయలు. కావున నిలువ ఖర్చు రాబట్టుకొనుటకే ఏటికి 160 నడకలు కావలెను. ఈ అంకెలు ఉదాహరణకై గ్రహించినవి. ప్రతి రైతును తన యూరి ధరలు వేసికొని మరల లెక్క కట్టుకొనవలెను.

ఇపుడు తన సరకును లెక్కింపవలెను. ఐదెకరముల వేరుసెనగకు ఎకరమునకు 8 క్వింటాళ్లు వచ్చినను 40 క్వింటాళ్లే. కాయ బరువు తక్కువ, చోటు ఎక్కువ. అయినను నాలుగైదు నడకలలో ముగియును. ఐదెకరముల చీనీతోట ఎకరమునకు 6 టన్నులిచ్చిన 30 టన్నులు. సుమారు 25 నడకలు. ఎరువులు, విత్తనములు, పశువుల మేత కలిపినను 40 నడకలు మించవు. మిగిలిన 120 నడకలకు పరుల కిరాయి దొరకవలెను. అనగా ఆతడు రైతుగా నుండుటయే గాక బండి వ్యాపారియు కావలెను.

మన జిల్లాలో ఏటి సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు, అనగా 22 అంగుళములు మాత్రమే. వాన తప్పిన యేట తన సరకే కాదు, పొరుగువాని సరకును ఉండదు. సొంత నడకలును కిరాయి నడకలును ఒక్కమారే తగ్గును. వాన తప్పినను కిస్తు తప్పదు. కావున మంచి యేటి నడకలను బట్టి గాక, చెడ్డ యేటి నడకలను బట్టియే నిర్ణయము చేయవలెను.

2. ఏ బలము కావలెను?

వేగముగా పరుగెత్తు బలము వేరు, బరువును మెల్లగా లాగు బలము వేరు. ఇసుక దారిలో, దున్నిన చేనిగట్టున మనకు కావలసినది రెండవది. 44వ నంబరు జాతీయ రహదారిపై ఇతర బండ్లను దాటిపోవు బలమునకు వెల యిచ్చి, డీజిలు పోసి, రైతు పొందు లాభము లేదు.

మన రాష్ట్రమున శ్రీసిటీలోని ఇసుజు కర్మాగారము 2016వ సంవత్సరమున ప్రారంభమైనది. అచ్చటి వీ-క్రాస్ వంటి బండ్లు నాలుగు చక్రములకును బలమందించునవి, చూచుటకు సొంపైనవి. కాని వెనుక వరుసలోను మనుషులు కూర్చుండు ఏర్పాటుండుట వలన సరకు తొట్టి కుఱుచయగును. వాహన పత్రములో బండి యొక్క ఖాళీ బరువును, మొత్తపు బరువును వ్రాసియుందురు. రెండింటి భేదమే మోయదగిన భారము. డ్రైవరు బరువును అందులోనిదే. కొనువారు ఆ అంకెను చూడవలెను గాని అశ్వశక్తిని గాదు.

మఱియొక సంగతి. 2020 ఏప్రిల్ 1 నుండి బీఎస్-6 నియమములు అమలులోనికి వచ్చినవి. ఆ తరగతి డీజిలు బండ్లలో పెక్కింటికి పొగగొట్టమున మసిని పట్టు జల్లెడ కలదు. చేనికిని ఊరికిని నడుమ చిన్న చిన్న దూరములు మెల్లగా నడచుచుండిన ఆ జల్లెడ మసితో నిండిపోవును. దానిని మార్చుట మిక్కిలి ఖర్చుతో కూడిన పని. అట్టి బండిని కొనినచో అప్పుడప్పుడు పెద్దబాటపై కొంతదూరము నిలుకడగా నడపవలెను.

3. పరీక్ష

బండిని చూడబోవునపుడు ఇంజను చల్లగా నుండగనే చూడవలెను. ముందే వేడిచేసి యుంచినచో సందేహింపవలెను. నీలపు పొగ వచ్చిన ఆయిలు కాలుచున్నదని గుర్తు. ఇంజను వేడెక్కిన తరువాతను తెల్లపొగ విడువనిచో లోపలికి నీరు చేరుచున్నదేమో చూడవలెను. రేడియేటరు నీటిపై నూనె తెట్టు తేలినచో కొనకుండుట మేలు. మన వేసవికి రేడియేటరు బాగుగా నుండుట ప్రాణము వంటిది. రేడియేటరు మూతను ఇంజను చల్లగా నున్నపుడే తీయవలెను.

పిదప బండి క్రిందికి దూరి చాసిస్‌ను చూడవలెను. వెల్డింగు అతుకులు, వంకరలు, కమాను పట్టీల విఱుగులు కనబడిన అది మితిమీఱిన భారము మోసిన బండి యని తెలియవలెను. టైరు ఒక ప్రక్కనే అరిగిన కారణ మడుగవలెను. మీటరు తక్కువ చూపుచు, పెడళ్ల రబ్బరు మాత్రము మిక్కిలి అరిగియున్నచో మీటరును నమ్మరాదు. ఖాళీబండిని నడపి తృప్తి పడరాదు. అనుమతింపబడిన బరువు వేసి ఎత్తు ఎక్కించిననే క్లచ్చి, గేర్ల గుణము బయటపడును. ఎఱిగిన మెకానిక్కునకు ఇచ్చు కూలి వ్యర్థము కాదు.

4. పత్రములు

చాసిస్ నంబరును, ఇంజను నంబరును వాహన పత్రముతో సరిచూడవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి కొనినవాడు 30 దినములలో యాజమాన్యపు మార్పునకు దరఖాస్తు చేయవలెను. దీనికి 29, 30 నంబర్ల ఫారములు కలవు. అప్పు మిగిలియున్న బండియైనచో బ్యాంకు సమ్మతితో 35వ ఫారము వలన అప్పు కొట్టివేయింపవలెను. బళ్లారి వైపునుండి వచ్చు కర్ణాటక బండికి అచ్చటి అధికారి నిరభ్యంతర పత్రము కావలెను. భీమాను 14 దినములలో తన పేర మార్పించుకొనుటకు దరఖాస్తు పెట్టవలెను. పత్రము ఎవరి పేర నుండునో ప్రమాద బాధ్యతయు వారిదేయని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. కావున అమ్మువాడును ఉపేక్షింపరాదు.

తెల్ల నంబరు పలక గల సొంత బండితో కిరాయి తోలరాదు. సరకు బండిలో ఉచితముగా ఎక్కించుకొనిన ప్రయాణికులకు భీమా సంస్థ బాధ్యత వహింపనక్కరలేదని 2002లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. సంతనుండి వచ్చువారిని దయతలచి ఎక్కించుకొన్న రైతు, ప్రమాదము జరిగినచో తన పొలమంతయు పోగొట్టుకొనవచ్చును. ఇది మిక్కిలి జ్ఞప్తియందుంచుకొనదగిన విషయము.

5. సంఘముగా కొనుట

ఒక్కనికి 40 నడకలున్నచో నలుగురైదుగురికి 160 నడకలు సమకూరును. ఒక్కనికి మోయరాని భారము పదిమందికి తేలిక యగుననుటయే సహకారము. కాని బండి యొకని పేరను, సొమ్ము పదిమందిదిగను ఉండరాదు. బాధ్యత ఆ యొక్కని నెత్తిన పడును. సంఘము పేరనే బండి నమోదు కావలెను. ప్రతి నడకను పుస్తకమున వ్రాయవలెను. సభ్యుడైనను కిరాయి చెల్లింపవలెను. అందులో కొంత మరమ్మతులకును, మఱియొక బండి కొనుటకును వేఱుగా నిలువ చేయవలెను. కోతలందు ఎవరి వంతు ముందో విత్తు నాటికే తీర్మానించుకొనవలెను. లేనిచో స్నేహములు చెడును.

రాబోవు సంఘ సమావేశమున సభ్యులు ఈ ప్రశ్నలకు జవాబులు వ్రాసికొని రావలెను:

గడచిన మూడేండ్లలో నేనిచ్చిన కిరాయి ఏటికెంత?
అందులో వానలు తప్పిన యేట ఎన్ని నడకలు?
ఆ యేట కిస్తు ఏ సొమ్ముతో కట్టియుందును?

మూడవ ప్రశ్నకు జవాబు దొరకనివారు ఈ యేటికి కిరాయి బండితోనే సరిపుచ్చుకొనుట శ్రేయము.