శకలాన్వేషణకు బయలుదేరుచున్న మనుమనికి

విశాఖపట్టణము,
కార్తిక మాసము.

చిరంజీవి నాయనా,

బెంగుళూరులో పుట్టి పెరిగి, ఎండ కన్నెరుగని గదిలో కంప్యూటరు ముందు కూర్చుండి జీవనము చేయు నీవు, ఈ మార్గశిరమున ఇరువురు మిత్రులతో కూడి అరుణాచలప్రదేశమునకు పోయి, సియాంగు నదికి పైనున్న కొండలలో, రెండవ ప్రపంచయుద్ధకాలమున కూలిపోయిన అమెరికా విమానమొకదానిని వెదకి పట్టుకొందుమని వ్రాసిన ఉత్తరము నాకు నిన్ననే చేరినది. నీ ఉత్తరముకన్న ముందు మీ అమ్మ ఫోను చేరినది. "మామయ్యగారూ, మీరు చెబితే వింటాడు, వద్దని చెప్పండి" అని ఆమె కంటతడి పెట్టుకొన్నది. వలదని చెప్పు అర్హత నాకు లేదు. ఏలయన నీ ప్రాయమున నేనును ఆ కొండలలో తిరిగినవాడనే, తిరిగి ఒక తప్పు చేసినవాడనే. ఆ తప్పేమో ఉత్తరము కడపట చెప్పెదను. ఇంతవరకు అది మీ మామ్మకు దక్క అన్యులకు తెలియదు.

ఆ విమానములు అక్కడి కెందుకు పోయినవో నీ వెరుగుదువుగాని, క్లుప్తముగా మరియొకమారు వినుము. 1942 మార్చిలో రంగూను జపానువారి వశమైనది. ఏప్రిలు ముగియకమున్నే లాషియో కూడ పడిపోవుటతో చైనాకు సామగ్రిని చేరవేయు బర్మారోడ్డు తెగిపోయినది. అంతట అమెరికావారు అస్సాములో చాబువా, దింజాను, సుకెరాటింగు, మోహన్‌బారి మొదలగుచోట్ల, తేయాకుతోటల నడుమ పరచిన రన్‌వేలనుండి లేచి, సుమారు 500 మైళ్ల దూరమున చైనాలోనున్న కున్‌మింగు వరకు, హిమవత్పర్వతపు తూర్పుకొసను దాటుచు, పెట్రోలు పీపాలను, తుపాకులను, మందుగుండును మోయనారంభించిరి. ఆ పర్వతపంక్తికి వైమానికులు పెట్టుకొన్న పేరు 'హంప్', అనగా మూపురము. యుద్ధము ముగియులోపల 6,50,000 టన్నుల సరకు ఆ మూపురము మీదుగా పోయినది. దాదాపు 600 విమానములును పోయినవి. శత్రువు కూల్చినవి అందు కొన్నియే. రెక్కలపై పేరుకొను మంచు, విమానమును ఎండుటాకువలె పైకెత్తి క్రిందికి త్రోయు గాలి, పటముమీద ఒక యెత్తును మేఘములో మరియొక యెత్తును చూపు శిఖరములు, ఇవియే వానికి ప్రధానశత్రువులు. ఆకాశము నిర్మలముగా నున్ననాడు క్రింద కొండవాలులయందు మెరయు రేకులనే ఆనవాళ్లుగా పెట్టుకొని దారి తెలిసికొనవచ్చునని, దానికి 'అల్యూమినియం బాట' యని పేరుపెట్టి ఆ కుర్రవాండ్రు పరిహాసమాడుకొనెడివారట. వారందరును నీకన్న చిన్నవారు.

పుస్తకములలో నీకు దొరకనిది మన ఇంటి సంగతి. మన ఉత్తరాంధ్రమువారికి రంగూను అనగా 'రంగము'. బర్మావారికి మనము కోరంగి రేవు పేర 'కోరంగీలము'. మా పెదనాన్న ఆ రంగములో రేవుకూలీలపై మేస్త్రీగా నుండెను. 1941 డిసెంబరులో నగరముపై బాంబులు పడిన పిదప మనవారు లక్షలకొలది కాలినడకను దేశమునకు బయలుదేరిరి. అరకాను దారి పట్టినవారు కొందరు, మణిపురము దారి పట్టినవారు కొందరు. చిట్టచివర మిగిలినవారు హుకాంగు లోయలోని బురదలోబడి, నీవిప్పుడు పోదలచిన కొండల ఇరుగుపొరుగు కొండలనే దాటి అస్సాము చేరవలసివచ్చెను. పెదనాన్న ఏ దారి పట్టెనో చెప్పగలవా డొక్కడును తిరిగి రాలేదు. మా దొడ్డమ్మ మట్టెలు తీయలేదు, కుంకుమ మానలేదు. ఆయన విడిచిపోయిన కిర్రుచెప్పుల జతకు ప్రతి ఉగాదికిని ఆముదము రాసి, తోలు పగులకుండ అటకమీద దాచెడిది. పన్నెండేండ్లు నిండిన పిమ్మట 1954లో పురోహితుడు దర్భలతో పురుషాకృతిని కట్టి, దానికి దహనసంస్కారము చేయించెను. అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. చెప్పులుకూడ ఆ దర్భబొమ్మ ప్రక్కను పెట్టుమని ఎవరో అన్నారు. దొడ్డమ్మ మాటాడక వానిని తీసికొని మరల అటక యెక్కించినది.

కావున నాయనా, నీవు వెదకబోవు ప్రతి విమానమునకును అమెరికాలో ఏదో ఒక ఊర, ఏదో ఒక అటకమీద అట్టి చెప్పుల జత యుండెనని అనుకొని బయలుదేరుము. ఇది పాతకాలపు గోడుగా తోచవచ్చును. 2016 జూలై 22న చెన్నై దాపునుండి పోర్టుబ్లెయిరుకు పోవుచు బంగాళాఖాతముపై అదృశ్యమైన ఆంటొనోవు-32 విమానములో 29 మంది యుండగా, వారిలో ఎనిమిదిమంది మన విశాఖలోని నౌకాయుధాగారపు ఉద్యోగులే. సముద్రగర్భమున 3,400 మీటర్ల లోతున దాని శకలములు కనబడినవన్న వార్త 2024 జనవరిలో గాని రాలేదు. ఏడున్నరయేండ్లు! ఈ పట్టణమున బజారులో నా ప్రక్క నిలిచి కూరలు బేరమాడువారిలో ఆ ఇండ్లవారు ఎందరో నేనెరుగను.

ఇక వెదకు పద్ధతి. ఉపగ్రహచిత్రములు తెరమీద పెద్దవి చేసి చూచి ఒక తెల్లని చుక్కను గుర్తించితినని నీవు వ్రాసితివి. అది జలపాతమై యుండును, లేదా విరిగిపడిన కొండచరియ యై యుండును. ఎనుబదియేండ్లలో అడవి తన గాయమును మాన్పుకొని, వెదుళ్లతోను, తీగలతోను, అడవియరటులతోను కప్పివేసినది. మన నల్లమలనే తలచుకొనుము. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై. ఎస్. రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టరు జాడ తప్పినప్పుడు, దేశమందలి బలగమంతయు వెదకుచుండగా, మరునాటి ఉదయము వరకు పావురాలగుట్ట తన రహస్యమును బయటపెట్టలేదు. నిన్నటిదాని విషయమే అట్లుండగా, 1944 నాటిదానిని ఆకాశమునుండి చూచి కనుగొందునన్న ధీమా నీకేల?

ఆ కొండలలో విమానములను కనిపెట్టినవారు వేటగాండ్రు. మనమందరము వారి వెనుక నడచినవారమే. దమ్రో గ్రామమునకు పైనున్న అడవిలో, 'హాట్ యాజ్ హెల్' అని తన మూతిమీద వ్రాయించుకొన్న బి-24 లిబరేటరు, 1944 జనవరి 25న కున్‌మింగునుండి చాబువాకు మరలుచు కూలినది, 2006లో అమెరికా పర్వతారోహకుడు క్లేటన్ క్యూల్స్ ద్వారా లోకమునకు తెలిసినది. ఆయన చేసిన గొప్పపని ఊరూర కూర్చుండి అడుగుట, అడిగి ఓపికతో వినుట. నీవును ముందు ఇన్నర్ లైన్ పర్మిట్ సక్రమముగా తీసికొని, ఊరు చేరగనే ఎర్రకోటు తొడిగిన గ్రామపెద్దను, గావ్‌బూఢాను, చూచి, వచ్చిన పని చెప్పుము. అక్కడి ఆదీ తెగవారి గ్రామములలో కెబాంగ్ అను పెద్దల సభ యుండును. వారు సరేయన్నవరకు అడవివైపు అడుగు వేయకుము. రెండుదినములు ఊరకనే కూర్చుండవలసివచ్చిన కూర్చుండుము, పొయ్యిప్రక్క వారు పోసినది త్రాగుము. "విమానమెక్కడ?" అని అడిగినచో నీకు సమాధానము రాదు, "ఈ పళ్లెమెక్కడిది, ఈ కత్తిపిడి ఏ రేకుతో చేసితిరి" అని అడిగిన ముసలివాడొకడు నవ్వి కథ ఎత్తుకొనును.

వారు రేకులు తెచ్చుకొనిరని తప్పుపట్టకుము. ఆకాశమునుండి పడిన లోహమును పళ్లెముగా కొట్టుకొని తినుట కన్న దానికి సద్వినియోగమేమున్నది? దాని ఫలితముగా నీకు కనబడునది సినిమాలోని విమానమువంటిది కాదు. మోయలేక విడిచినవి మిగిలియుండును: ఇంజనులు, ప్రొపెల్లరు బొడ్డు, చక్రములు మోయు ఉక్కుకాళ్లు. వాగులో ఒక రేకుముక్క దొరికిన, అది పైనుండి కొట్టుకొని వచ్చినదని గ్రహించి వాగు వెంబడి ఎక్కుము. ఇందులోను ఒక మెలిక యున్నది. 1950 ఆగస్టు 15న ఆ కొండలనే కుదిపివేసిన 8.6 తీవ్రతగల భూకంపమునకు చరియలు చరియలుగా కూలి, నదులు దారులు మార్చుకొన్నవి. 1944లో శిఖరమున తగిలిన విమానము అర్ధభాగము మరియొక లోయలో నుండవచ్చును. ఆనాటి కాగితములలోని స్థానమునకును నీ కాలి క్రిందనున్న స్థానమునకును పొందిక కుదరకున్న, ఆ కాగితము వ్రాసినవానిని వెంటనే నిందింపకుము.

తోకరేకు దొరుకుట నిజముగా అదృష్టము. దానిమీది అంకెలు చదువుట నేర్చుకొనుము. అమెరికా సైన్యమువారు విమానము కొనుటకు ఆర్డరిచ్చిన ఆర్థికసంవత్సరముతో దాని సంఖ్యను మొదలుపెట్టుదురు. తోకమీద వ్రాయునప్పుడు ఆ సంవత్సరపు మొదటి అంకెను విడిచిపెట్టుదురు. 42-73308 అను విమానపు తోకపై 273308 అని యుండును. ఆ సంఖ్య తెలిసినచో, తప్పిపోయిన వైమానికులను గూర్చి వారు ఆనాడే వ్రాసి దాచిన నివేదికలలో దాని పుట దొరకును. పుట దొరికిన, అందెక్కినవారి పేర్లు, వారి కొరకు ఎదురుచూచుచున్నవారి చిరునామాలు. సంఖ్యను, దొరికిన చోటి అక్షాంశరేఖాంశములను, దారి చూపినవాని ఊరిని, ఆ మూడింటిని అక్కడనే, ఆ నిమిషముననే, పెన్సిలుతో పుస్తకములో వ్రాయుము. ఫోనులోని బ్యాటరీ ఆ చలికి నిన్ను మోసగించును.

ఎముకలు కనబడినచో చేయి వెనుకకు తీసికొనుము. ఫొటో తీసి, తిరిగివచ్చి జిల్లా డిప్యూటీ కమిషనరుకు తెలుపుము. దమ్రో విమానములోని ఎనిమిదిమందికి సంబంధించిన అస్థికలు ఢిల్లీనుండి తరలిపోయినది 2016లో. వారిలో ఒకడు గుర్తింపబడి జార్జియా రాష్ట్రములోని తన ఊరిలో ఖననము చేయబడినది 2017 జూనులో. ఆలస్యమునకు విసుగుకొనకుము. అర అంగుళపు తూటాలు త్రుప్పుపట్టినను ప్రేలగలవు. గడియారములవంటి డయళ్లను గోటితో గీకకుము. ఆనాడు చీకటిలో మెరయుటకై వానికి రేడియం పూసెడివారు. జలగల సంగతి నీ మిత్రులు చెప్పియుందురు. నేను చెప్పిన మీ అమ్మ మరల ఏడ్చును.

ఇప్పుడు నా తప్పు. 1969లో వైమానికదళమున మెకానిక్కుగా అస్సాములో నుండగా, మా మెస్సులో పనిచేయు ఆదీ కుర్రవాడొకడు పండుగకు తన ఊరికి పిలిచెను. అక్కడినుండి రెండుగంటలు కొండయెక్కి ఒక వేటగాడు మాకొక ఇంజనును చూపెను. సిలిండర్లనడుమ నాచు పట్టి, ఒక సందునుండి వెదురుమొలక నిటారుగా లేచియుండెను. ఆ వేటగాడు దగ్గరకు రాక, వీపుబుట్ట దించి దూరముగా కూర్చుండెను. నేను మాత్రము మెకానిక్కును గదా! ఆ పరిసరమున అరచేతియంత రేకొకటి, అంకెలు చెక్కినది, నాలుగు రివిట్లతో అంటుకొనియుండగా, జేబుకత్తితో ఊడదీసి చొక్కాలో వేసికొంటిని. జ్ఞాపకచిహ్నమట! ఊరి పేరు ఏ కాగితముమీదను వ్రాసికొనలేదు. ఆ వయస్సున జ్ఞాపకశక్తిమీద అంత నమ్మకము. ఆ రేకు పెట్టెలో పడియుండి, పడియుండి, ఒక శ్రావణశుక్రవారమున మీ మామ్మ చేతబడగా, ఇత్తడిసామానుతోపాటు చింతపండును బూడిదయు వేసి దానినికూడ తళతళలాడునట్లు తోమినది. ఆమె తప్పేమియు లేదు. పత్రికలో దమ్రో సంగతి చదివిననాడు పెట్టె తెరచి చూతునుగదా, అంకెలలో సగము అరిగిపోయినవి. ఊరు లేని సంఖ్య నా యింట నున్నది. సంఖ్య లేని ఇంజను ఏ కొండమీదనో యున్నది. ఆ కుర్రవాడేమైనాడో, ఆ వేటగాడెప్పుడు పోయినాడో!

2023లో పాసీఘాటులో ఈ విమానముల కొరకే ఒక మ్యూజియము తెరచిరి. రేకును నీవు పోవునప్పుడు నా చేతినుండి తీసికొని అక్కడ ఇచ్చి, ఇది దొంగిలినదని చెప్పి రసీదు పుచ్చుకొనుము. అంతలో నీకు పనికివచ్చునని, పలుచని కాగితము దానిపై పరచి మెత్తని పెన్సిలుతో రుద్ది అచ్చుతీసి దీనితో పంపుచున్నాను. అడవిలోను అరిగిన అంకెలను ఇట్లే తీయవలెను. కడపటి మూడును స్పష్టముగనే వచ్చినవి. వానికి ముందున్నది నా కంటికి 3 వలె నున్నది, మీ మామ్మ 8 అని పట్టుబట్టుచున్నది. నీవు కాగితమును ఏటవాలు వెలుతురున పెట్టి చూచి, వెంటనే జాబు వ్రాయుము.

ఇట్లు,
మీ పెదతాతయ్య