కనిపించని పగ్గాలు

మార్చి నెల సగం గడిచేసరికి పామర్రు చుట్టుపక్కల పొలాలు వేరొక రూపం ధరిస్తాయి. వరి కోతకు ముందే చేలో చల్లిన మినుము, నేలలో మిగిలిన తేమతోనే పెరిగి, కాచి, కళ్ళాలకు చేరి ఉంటుంది. కాలువలకు మళ్ళీ నీరు వచ్చేది తొలకరి తరువాతనే. అంతవరకు ఆ నల్లనేల నెర్రెలు విచ్చి, చూపు ఆనినంత మేర ఖాళీగా ఉంటుంది. బందరు రహదారిమీది లారీల హోరు, గుడివాడకు, కూచిపూడికి చీలిపోయే బస్సుల కూతలు దూరాన వినిపిస్తూ ఉంటాయి. అటువంటి ఒక ఉదయం, గాలి ఇంకా లేవకముందు, డొంకమీద నిలబడి ఒక విద్యార్థి చిన్న నమూనా విమానాన్ని ఆకాశంలోకి విసిరాడని ఊహించండి. ఆ విమానం రెక్కల పొడవు మీటరు, బరువు కిలోకు లోపు. నురుగు ప్లాస్టిక్‌తో చేసిన దేహం, ముక్కున ఒక చిన్న విద్యుత్ మోటారు. అది తాటిచెట్ల తలలను దాటి, కుడికి ఒరిగి, ఒక వలయం చుట్టి తిరిగి వస్తుంది.

గాలిపటానికి దారమైనా ఉంటుంది. ఈ విమానానికీ ఆ విద్యార్థికీ నడుమ ఏదీ లేదు. అయినా అతని బొటనవేలు అంగుళంలో నాలుగవ వంతు కదిలితే, రెండువందల మీటర్ల దూరంలో విమానం తోక కదులుతున్నది. గుర్రపురౌతు చేతిలోని పగ్గాల వంటివే ఇవి కూడా. కాకపోతే కంటికి కనిపించవు. ఆ పగ్గాలను బిగించే విధానమే ఈ పాఠ్యవిషయం.

తీగ లేకుండా దూరాన ఉన్న వస్తువును కదిలించవచ్చునన్న ఊహకు నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ విద్యుదయస్కాంత తరంగాలతో దూరాన ఉన్న గంటను మోగించి, తుపాకిమందును పేల్చి చూపాడు. మూడేళ్ళ తరువాత, 1898లో, న్యూయార్క్ నగరంలో నికోలా టెస్లా నీటి తొట్టిలో ఒక చిన్న పడవను రేడియో తరంగాలతో నడిపి ప్రేక్షకులను దిగ్భ్రాంతులను చేశాడు. నేడు పామర్రు పొలాలమీద ఎగరదగిన విమానం ఆ పడవకు మునిమనుమడని అనుకోవచ్చు.

ఈ వ్యవస్థలో ప్రధానాంగాలు మూడు. చేతిలో ఉండేది ట్రాన్స్‌మిటర్. విమానంలో ఉండేది రిసీవర్. రిసీవర్ ఆజ్ఞను అందుకొని రెక్కల అంచులను, తోక పలకలను కదిలించేవి సర్వో మోటార్లు. ఒక్కొక్క ఆజ్ఞ నడిచే మార్గాన్ని చానల్ అంటారు. సామాన్యమైన విమానానికి నాలుగు చానళ్ళు చాలు. మోటారు వేగానికి ఒకటి, ముక్కు పైకి లేవడానికీ దిగడానికీ ఎలివేటర్ ఒకటి, తోక పక్కకు తిరగడానికి రడ్డర్ ఒకటి, దేహం కుడి ఎడమలకు ఒరగడానికి ఎయిలరాన్లు ఒకటి.

రిసీవర్ సర్వోతో మాట్లాడే భాష విచిత్రంగా ఉంటుంది. అది మాటల భాష కాదు, కాలం భాష. సెకనుకు సుమారు 50 సార్లు ఒక విద్యుత్ స్పందన వెళుతుంది. ఆ స్పందన నిడివి సెకనులో వేయవవంతుకు ఒకటిన్నర రెట్లు ఉంటే సర్వో మధ్యలో నిలుస్తుంది. ఒక రెట్టుకు తగ్గితే ఒక చివరకు, రెండు రెట్లకు పెరిగితే రెండవ చివరకు తిరుగుతుంది. సెకనులో వేయవవంతు తేడాలో విమానం గమనమంతా ఇమిడి ఉన్నదన్నమాట. భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు ఈ ఒక్క విషయం కోసమైనా ఒక పాత సర్వోను విప్పి చూడటం మంచిది.

పూర్వం ఈ పరికరాలు తక్కువ పౌనఃపున్యాలమీద పనిచేసేవి. 72 మెగాహెర్ట్‌జ్ తరంగం పొడవు నాలుగు మీటర్లకు పైనే గనుక, ట్రాన్స్‌మిటర్‌కు మీటరు పొడవున్న ఏంటెన్నా వేలాడుతూ ఉండేది. ఒకే మైదానంలో ఇద్దరు ఒకే పౌనఃపున్యాన్ని వాడితే రెండు విమానాలకూ అపాయమే. నేటి పరికరాలు 2.4 గిగాహెర్ట్‌జ్ మీద పనిచేస్తాయి. తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు మాత్రమే. ట్రాన్స్‌మిటర్ ఒక పౌనఃపున్యం నుండి మరొకదానికి క్షణక్షణం గెంతుతూ ప్రసారం చేస్తుంది. దానితో జతకూడిన రిసీవర్ మాత్రమే ఆ గెంతుల క్రమాన్ని అనుసరించగలదు. మందలో ఎన్ని ఆవులు అరిచినా దూడ తన తల్లి పిలుపునే గుర్తిస్తుంది కదా! ఈ జతకూర్చే పనిని బైండింగ్ అంటారు. అమరికలో మొదటి మెట్టు అదే.

బైండింగ్‌కు ముందు మోటారు నుండి పంకాను ఊడదీయాలి. ఈ మాటను తేలికగా తీసుకొని వేళ్ళు కోసుకున్నవారు ఎందరో ఉన్నారు. బల్లమీద ఉన్న విమానం ఎప్పుడు ఏ పొరపాటుకు తిరుగుతుందో చెప్పలేము. తరువాత ట్రాన్స్‌మిటర్‌ను ముందు వెలిగించి, మోటారు వేగం కడ్డీని పూర్తిగా కిందికి దించి, అప్పుడే విమానంలోని బ్యాటరీని కలపాలి. విమానం కళ్ళు తెరిచేసరికి దాని యజమాని మేలుకొని ఉండాలి.

కడ్డీల అమరికలో ఒకటికి మించిన పద్ధతులు ఉన్నవి. కొందరికి మోటారు వేగం ఎడమచేతిలో, కొందరికి కుడిచేతిలో ఉంటుంది. ఏది మేలైనదన్న వాదానికి అంతులేదు. మీకు నేర్పేవారిది ఏ పద్ధతో మీదీ అదే కావాలి. అపాయం వచ్చినప్పుడు వారు మీ చేతిలోనిది అందుకొని విమానాన్ని కాపాడగలగాలి.

ఇక సర్వోల వంతు. ట్రాన్స్‌మిటర్‌లోని ట్రిమ్‌లన్నింటినీ సున్నాకు తెచ్చి, సర్వోలు మధ్యలో నిలిచినప్పుడు వాటి చేతులను కడ్డీలకు లంబంగా బిగించాలి. అప్పుడు తోక పలక వంకరగా ఉంటే కడ్డీ పొడవును సరిచేయాలి. చాలామంది ఇక్కడ తొందరపడి, వంకరను ట్రాన్స్‌మిటర్ మీటలతో సరిదిద్దుతారు. చూడటానికి పలక తిన్నగా కనిపిస్తుంది గాని, సర్వో ఒక వైపు ఎక్కువగాను, రెండవ వైపు తక్కువగాను తిరుగుతుంది. గాలిలో కుడిమలుపు ఒక తీరు, ఎడమమలుపు మరొక తీరు అవుతాయి. స్క్రూడ్రైవర్‌తో చేయవలసిన పనిని మీటతో చేయరాదు. సర్వో చివరివరకు తిరిగినప్పుడు కడ్డీ ఎక్కడా ఒరుసుకోకుండా దాని హద్దులను తగ్గించుకోవడం కూడా ఈ సమయంలోనే జరగాలి. తొలిరోజుల్లో పలకల కదలికను సగానికి సగం తగ్గించుకున్నా తప్పులేదు. కొత్తవారి వేళ్ళు విమానం కోరినదానికంటె ఎక్కువే కదులుతాయి.

తరువాతిది దిశల పరీక్ష. ఇది అర నిమిషం పని. ఈ అర నిమిషాన్ని సరిగా వినియోగించని కారణంగా ఈ వ్యాసకర్త తొలి విమానం ఆరేడు సెకన్లు మాత్రమే ఎగిరింది. ఆనాడు నేను విమానానికి ఎదురుగా కూర్చుండి ఎయిలరాన్లను పరీక్షించాను. ఎదురుగా కూర్చున్నవానికి కుడి ఎడమలు తారుమారవుతాయన్న సంగతి స్ఫురించలేదు. విమానం చేతినుండి వెలువడి కొద్దిగా ఎడమకు ఒరిగింది. కడ్డీని కుడికి నెట్టాను. అది మరింత ఎడమకు ఒరిగింది. మరింత కుడికి నెట్టాను. నా ఆజ్ఞను అది అక్షరాలా పాటించింది. తప్పు ఆజ్ఞలోనే ఉన్నది. గట్టుకు తగిలి ముక్కలైన విమానాన్ని ఏరుకొంటుండగా పక్క చేలో మినప కట్టె పోగుచేస్తున్న రైతు తలెత్తి, “ఏరా అబ్బాయ్, దారం తెగిందా?” అని అడిగాడు. “దారం లేదు బాబాయ్” అన్నాను. “మరి దేన్ని పట్టుకుని ఎగరేశావురా?” అన్నాడాయన. ఆ ప్రశ్నకు అప్పుడు నావద్ద సమాధానం లేదు.

ఎల్లప్పుడూ విమానం వెనుక, తోకవైపున నిలబడి పరీక్షించాలి. కడ్డీని కుడికి నెట్టినప్పుడు కుడి రెక్కమీది ఎయిలరాన్ పైకి లేవాలి, ఎడమది దిగాలి. ఎలివేటర్ కడ్డీని మన వైపుకు లాగినప్పుడు తోక పలక పైకి లేవాలి. రడ్డర్ కడ్డీని కుడికి నెడితే చుక్కాని కుడికే తిరగాలి. ఏది తారుమారైనా ట్రాన్స్‌మిటర్‌లో ఆ చానల్ దిశను మార్చే మీట ఉంటుంది. బరువు సమతౌల్యం సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. రెక్క ముందంచు నుండి వెడల్పులో నాలుగవ వంతుకూ మూడవ వంతుకూ మధ్య వేళ్ళతో ఎత్తినప్పుడు విమానం తిన్నగా నిలవాలి. తోక బరువైతే ఎంత మంచి రేడియో అయినా దానిని కాపాడలేదు.

ఇంతవరకు చెప్పినదంతా విమానం మన మాట వినేటట్లు చేసే ప్రయత్నం. మన మాట దానికి చేరనప్పుడు అది ఏం చేయాలి?

అనుభవజ్ఞుణ్ణీ అనుభవం లేనివాణ్ణీ వేరుచేసేది ఈ ప్రశ్నే. సంకేతం తెగిపోవడానికి పెద్ద కారణాలు అక్కరలేదు. రిసీవర్ ఏంటెన్నా లోపల నలిగిపోవచ్చు. దానిని బ్యాటరీ వెనుక దాచి ఉండవచ్చు. ట్రాన్స్‌మిటర్ బ్యాటరీ క్షీణించవచ్చు. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాలను నీరు పీల్చుకొంటుంది. మనిషి దేహంలో అధికభాగం నీరే గనుక మనకూ విమానానికీ నడుమ నలుగురు వచ్చి నిలబడినా సంకేతం బలహీనపడుతుంది. అటువంటి క్షణంలో రిసీవర్ ఏం చేయాలో ముందుగానే దానికి చెప్పి ఉంచే అమరికను ఫెయిల్‌సేఫ్ అంటారు.

కొన్ని రిసీవర్లు సంకేతం తెగినప్పుడు చివరగా అందిన ఆజ్ఞనే పట్టుకొని ఉంటాయి. వినడానికి ఇది బుద్ధిగానే ఉన్నట్లు తోస్తుంది. కాని లెక్కవేసి చూడండి. విమానం సెకనుకు 12 మీటర్ల వేగంతో పోతున్నది. బ్యాటరీలో ఇంకా అయిదు నిమిషాల శక్తి ఉన్నది. చివరి ఆజ్ఞ పూర్తి వేగంతో తిన్నగా పొమ్మని. అది 3,600 మీటర్లు పోతుంది. పామర్రు పొలాలమధ్య ఎటువైపు మూడున్నర కిలోమీటర్లు కొలిచినా ఒక ఊరో, ఒక బడో, బందరు రహదారో తగులుతుంది. కిలో బరువున్న వస్తువు, తిరుగుతున్న పంకాతో, మోటారు సైకిల్‌మీద పోయేవాని ముఖానికి ఎదురవుతుంది. తన దారిన తాను పోతున్న ఆ మనిషికి ఈ క్రీడతో ఏ సంబంధమూ లేదు.

కనుక సంకేతం తెగిన వెంటనే మోటారు ఆగిపోవాలి. పలకలు మధ్యకు రావాలి, లేదా విమానం దూరం పోకుండా అక్కడే దిగేటట్లు స్వల్పంగా ఒక వైపుకు తిరగాలి. విమానం చెడిపోతుందేమో! చెడిపోనివ్వండి. అది దగ్గరలోనే, ఖాళీ చేలో పడుతుంది. చాలా రిసీవర్లు బైండింగ్ సమయంలో కడ్డీలు ఉన్న స్థానాలనే ఫెయిల్‌సేఫ్‌గా గుర్తుంచుకొంటాయి. మోటారు కడ్డీని కిందికి దించి ఉంచాలని ముందే చెప్పడానికి ఇదొక ముఖ్య కారణం. అయితే మీ రిసీవర్ అదే చేస్తుందని నమ్మి ఊరుకోకూడదు. పంకా లేకుండా మోటారును కొద్దిగా తిప్పి, ట్రాన్స్‌మిటర్‌ను ఆపి చూడాలి. మోటారు ఆగితే సరే. ఆగకపోతే ఆ రోజుకు విమానం ఎగరదు.

దీనికి తోబుట్టువు దూరపరీక్ష. ట్రాన్స్‌మిటర్ శక్తిని తగ్గించే ఒక మీట చాలా పరికరాలలో ఉంటుంది. దానిని నొక్కి, సుమారు ముప్పై మీటర్లు నడిచిపోయి, కడ్డీలను కదిలించాలి. విమానం దగ్గర నిలిచిన స్నేహితుడు పలకల కదలికను చూసి చేయి ఊపాలి. ఏంటెన్నా కొనను విమానం వైపు గురిపెట్టరాదు. కొన దిశలో ప్రసారం అతి బలహీనం. పక్కభాగం విమానానికి ఎదురుగా ఉండాలి.

మన డెల్టా ప్రజలకు ఈ విద్య ఇప్పుడు వినోదమాత్రం కాదు. 2024 సెప్టెంబరు మొదటి రోజున బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం మునిగినప్పుడు, పడవలు చేరలేని ఇళ్ళకు డ్రోన్లు ఆహార పొట్లాలు, మందులు మోసుకొని పోయాయి. అదే ఏడు అక్టోబరు 22వ తేదీ రాత్రి పున్నమి ఘాట్ వద్ద కృష్ణమ్మమీద దాదాపు 5,500 డ్రోన్లు దీపాలతో చిత్రాలు గీశాయి. పొలాలమీద మందు చల్లే డ్రోన్లనూ మనం చూస్తున్నాము. వాటిలో ఉపగ్రహ సంకేతాలతో తమ స్థానాన్ని తెలుసుకొనే ఏర్పాటు ఉంటుంది కాబట్టి, సంకేతం తెగితే బయలుదేరిన చోటికే తిరిగి వచ్చేటట్లు అమర్చవచ్చు. నురుగు విమానానికి అంత తెలివి లేదు. దాని తెలివంతా మనం ముందురోజు బల్లమీద పెట్టినంతే. 2021 ఆగస్టులో భారత ప్రభుత్వం ప్రకటించిన డ్రోన్ నిబంధనలు విమానాశ్రయాల పరిసరాలకు వేరు హద్దులు విధించాయి. గన్నవరానికి సమీపంలో ఎగరేయదలచినవారు ఆ పటాన్ని చూడకుండా బయలుదేరకూడదు.

ఇక మన విద్యార్థి వద్దకు వద్దాము. అతడు ఉదయాన్నే రావడానికి కారణం ఉన్నది. పొద్దెక్కినకొద్దీ బందరు దిక్కునుండి సముద్రపు గాలి బలపడుతుంది. ఎదురుగాలికి విసిరాడు, ఎదురుగాలికే దించుతున్నాడు. ఆరు నిమిషాలకు చేతిగడియారం కూసింది. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయ్యేవరకు అతడు ఎగరనివ్వడు. మోటారు కడ్డీ దించాడు. నెర్రెలు లేని గడ్డిపట్టున విమానం పొట్టమీద జారి ఆగింది. రాత్రి కురిసిన మంచు తడి రెక్కలకు అంటింది. అతడు నడిచివెళ్ళి, ముందుగా విమానంలోని బ్యాటరీని ఊడదీశాడు. ఆ తరువాతనే చేతిలోని ట్రాన్స్‌మిటర్‌ను ఆపాడు.