సీపీఆర్ చేసే చేతులకు చట్టం అండ

గుండె ఉన్నట్టుండి రక్తాన్ని పంపడం మానేసి, మనిషి స్పృహ తప్పి, శ్వాస నిలిచిపోయే స్థితిని వైద్యులు కార్డియాక్ అరెస్ట్ అంటారు. రక్తనాళం మూసుకుపోవడం వల్ల వచ్చే గుండెపోటు దీనికి దారితీయవచ్చు గానీ ఈ రెండూ ఒకటి కావు. నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది కాబట్టి, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి దూరంగా ఉన్న భూపాలపల్లి జిల్లా చిట్యాల వంటి మండల కేంద్రంలో 108 వాహనం చేరేలోగా పక్కనున్నవారు చేసే సీపీఆర్, అంటే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవారికైతే సుమారు 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కడం, ప్రాణానికి ఆధారమవుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చిలో సీపీఆర్ శిక్షణ కార్యక్రమాన్ని ప్రారంభించింది; అయినా మనిషి పోతే కేసు మీద పడుతుందేమోనన్న భయం నేర్చుకున్నవారిని సైతం వెనక్కి లాగుతుంది.

రోడ్డు ప్రమాద బాధితులను ఆదుకున్నవారికి మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేరిన 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ప్రతిఫలం ఆశించకుండా, సదుద్దేశంతో సాయపడే వ్యక్తిని ఇది ‘గుడ్ సమారిటన్’గా గుర్తించి, ఆ సాయంలో నిర్లక్ష్యం దొర్లి బాధితుడు గాయపడినా మరణించినా సివిల్, క్రిమినల్ బాధ్యత నుంచి కాపాడుతుంది. పేరు, చిరునామా చెప్పాలని అతన్ని బలవంతపెట్టరాదని 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి.

సంతలోనో పొలం గట్టునో కుప్పకూలిన వ్యక్తి విషయంలో ఈ సెక్షన్ వర్తించదు. అక్కడ రక్షణ భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ నుంచి వస్తుంది. సమ్మతి తెలపలేని స్థితిలో ఉన్న వ్యక్తికి, అతని తరఫున సమ్మతించగల సంరక్షకుడు సకాలంలో దొరకనప్పుడు, మేలు కోరి సదుద్దేశంతో చేసిన పని వల్ల హాని కలిగినా అది నేరం కాదని ఆ సెక్షన్ సారం. సంహిత దృష్టిలో తగిన జాగ్రత్త, శ్రద్ధ లేని పని సదుద్దేశంతో చేసినది కాదు కనుక, ముందు భుజం తట్టి పిలిచి, స్పందన గానీ సాధారణ శ్వాస గానీ లేదని నిర్ధారించుకుని, 108కు ఫోన్ చేయించి నొక్కడం మొదలుపెట్టాలి. ఈ ప్రయత్నంలో పక్కటెముక విరగడం అరుదు కాదు. అంతమాత్రాన అది నేరానికి రుజువు కాదు.

ఆసుపత్రికీ బాధ్యత ఉంది. ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా ప్రతి వైద్యుడూ ముందు ప్రాణం కాపాడాలని, పోలీసు లాంఛనాలు చికిత్సకు అడ్డు కారాదని, జీవించే హక్కునిచ్చే రాజ్యాంగ 21వ అధికరణ ఆధారంగా సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో తీర్పునిచ్చింది. చికిత్స నిరాకరిస్తే తేదీ, సమయం రాసిపెట్టుకుని జిల్లా న్యాయసేవాధికార సంస్థను గానీ న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100 నంబరును గానీ సంప్రదించవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది.

అపరిచితునికి సీపీఆర్ చేయాలని చట్టం సాధారణ పౌరుణ్ణి నిర్బంధించదు గానీ, చేసినవారి పక్షాన నిలుస్తుంది కనుక, చిట్యాలలో ఇంటికొకరైనా ఈ విద్య నేర్చుకోవడానికి కేసుల భయం అడ్డు కాకూడదు.